తీరిక ఎక్కడికి పోయింది?

"ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్నకు ఒకప్పుడు "బాగున్నాము" అనో, "ఏదో ఇలా గడుస్తోంది" అనో సమాధానం వచ్చేది. ఇప్పుడు మన కార్యాలయాలలోనూ, కాలనీ వీధులలోనూ తరచుగా వినవచ్చే సమాధానం వేరు: "ఊపిరి సలపడం లేదండీ." ఆ మాటలో కొంత బాధ ఉన్నది, కొంత గర్వమూ ఉన్నది. తీరిక లేనివాడు ముఖ్యుడనీ, తీరిక ఉన్నవాడు పనికిరానివాడనీ ఒక భావం మనలో పాతుకొనిపోయింది. ఈ నెల ఆ భావాన్ని కొంచెం పరిశీలిద్దామని మా ఉద్దేశం.

మేము ఉద్యోగంలో చేరిన రోజులలో ఒక డ్రాయింగును సవరించడమంటే చిన్న పని కాదు. ట్రేసింగు కాగితంపై ఉన్న సిరా గీతను బ్లేడుతో గీకి, కొత్త గీత గీసి, అమ్మోనియా ప్రింటు తీయించి, దానిని మనిషిచేత పంపేవారము. ఆ సవరణకు పట్టే రెండు రోజులూ ఇవతలివారు, అవతలివారు కూడా ఓపిక పట్టేవారు. నేడు అదే సవరణ నిమిషాలలో అయిపోతున్నది. మరి మిగిలిన ఆ రెండు రోజులు ఏమైనట్లు?

ఈ ప్రశ్న మనకే కాదు, ఆర్థికశాస్త్రవేత్తలకూ కలిగినదే. జాన్ మేనార్డ్ కీన్స్ 1930లో ప్రచురించిన ఒక వ్యాసంలో, నూరేళ్లు గడిచేసరికి మనిషి వారానికి 15 గంటలు పనిచేస్తే చాలునని ఊహించాడు. అప్పుడు మనిషికి ఎదురయ్యే అసలు సమస్య, మిగిలిన కాలాన్ని చక్కగా గడపడం ఎలాగన్నదేనని భావించాడు. ఆయన చెప్పిన నూరేళ్లు 2030తో నిండుతాయి. ఉత్పత్తి విషయంలో ఆయన అంచనా వమ్ము కాలేదు గాని, తీరిక మాత్రం రాలేదు. ఎందుచేతనంటే, యంత్రం మిగిల్చిన ప్రతి గంటనూ మనము వెంటనే మరొక పనితో నింపివేశాము. పూర్వం మూడుసార్లు మారే డ్రాయింగు నేడు పదిహేనుసార్లు మారుతున్నది. మార్చడం తేలిక అయినందువల్ల మార్చవలసిన అవసరమూ పెరిగినట్లు తోస్తున్నది. పనికి ఎంత కాలం కేటాయిస్తే అంతవరకూ పని వ్యాపిస్తుందని సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ఒక వ్యాసంలో చమత్కరించాడు. అది చమత్కారమే అయినా, ఏ కార్యాలయంలోనైనా అక్షరాలా కనిపించే సత్యం.

ఇంజనీరింగు వృత్తిలో ఉన్నవారికి ఈ విషయం మరొక విధంగా బోధపడుతుంది. ఏ వ్యవస్థనూ దాని పూర్తి శక్తిమేరకు నిత్యమూ నడపరాదన్నది మన తొలి పాఠం. 2012 జూలై 30వ తేదీ తెల్లవారుజామున మన ఉత్తర ప్రాంత విద్యుత్ గ్రిడ్ కుప్పకూలింది. దానిని పునరుద్ధరించి ఊపిరి పీల్చుకునే లోపుననే, మరునాటి మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ ఒక్కసారిగా ఆగిపోయాయి. 60 కోట్ల మందికి పైగా నివసించే ప్రాంతాలు ఆ దెబ్బ తిన్నాయి. రైళ్లు పట్టాలపై నిలిచిపోయాయి. ఆ రెండు రోజులూ కథ మొదలైనది బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను దగ్గర. దాని జోడు లైను ఉన్నతీకరణ పనులకై ఆపివేయబడి ఉన్నది. మిగిలిన ఒక్క లైనుపైనే భారం పడింది. కొన్ని రాష్ట్రాలు తమ వాటాకు మించి విద్యుత్తు తీసుకుంటున్నాయి. అంటే, ఆ మార్గంలో మిగులు అన్నది లేకుండాపోయింది. మిగులు లేని చోట ఒక్క లైను ట్రిప్పయితే చాలు, తక్కినవన్నీ వరుసగా దాని వెంట పోతాయి.

దీనికి లెక్క కూడా ఉన్నది. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు 1909లో ఆరంభించిన వరుసల గణితం అది. ఒకే కౌంటరు ఉన్నదనుకుందాము. ఒక్కొక్క పనికి సగటున 10 నిమిషాలు పడుతుంది. పనులు ఒక క్రమం లేకుండా వస్తుంటాయి. ఆ కౌంటరులోని మనిషి సగం కాలమే పనిలో ఉంటే, వచ్చినవాడు వేచి ఉండి పని ముగించుకుని వెళ్లడానికి సగటున 20 నిమిషాలు పడుతుంది. కౌంటరు 80 శాతం నిండితే 50 నిమిషాలు, 90 శాతం నిండితే 100 నిమిషాలు, 95 శాతం నిండితే 200 నిమిషాలు. చివర చేర్చిన ఆ ఐదు శాతం పని, వచ్చిన ప్రతివాని నిరీక్షణనూ రెట్టింపు చేసింది. దినచర్యలో సందు లేకుండా చేసుకున్న మనిషి ఎక్కువ పని చేస్తున్నాననే అనుకుంటాడు. నిజానికి అతడు తన దగ్గరకు వచ్చిన ప్రతివారినీ వేచి ఉండేట్లు చేస్తున్నాడు. ఆ వరుసలో ఫైళ్లు ఉన్నాయి, కాంట్రాక్టర్ల బిల్లులు ఉన్నాయి. "నాన్నా, ఒకసారి ఇది చూడు" అంటూ నోటుపుస్తకం పట్టుకుని నిలబడిన బిడ్డ కూడా ఉన్నాడు.

గ్రిడ్‌కు మిగులు ఎంతో, మనసుకు తీరిక అంత. కర్మాగారంలో ఇది కేవలం వేదాంతం కాదు, ప్రాణాలకు సంబంధించిన మాట. బ్రేకరు తెరిచి, తాళం వేసి, చీటీ కట్టి, ఎర్తు చేసిన తరువాతనే పర్మిట్‌పై సంతకం పెట్టాలని మనకందరికీ తెలుసు. ఆ సంతకం చేసే క్షణాన ఒక చెవిలో ఫోను, ఎదుట ఇద్దరు మనుషులు, మనసులో సాయంత్రపు సమీక్షా సమావేశం ఉంటే, చేతికీ మనసుకూ మధ్య ఎంత దూరం ఏర్పడుతుందో ఊహించండి. ఏ ఫీడరు, ఏ బ్రేకరు అన్న రెండు మాటలకు అవసరమైన శ్రద్ధ ఆ దూరంలో జారిపోవచ్చు. లైను మీదికి ఎక్కినవాని ఇంట్లో వాళ్లు ఆ శ్రద్ధను నమ్ముకునే తలుపు దగ్గర ఎదురుచూస్తుంటారు.

మరి చేయవలసినదేమిటి? సరళంగా ఆలోచించడం నేర్చుకోవాలి. సరళత అనగానే సంసారం వదలి అడవికి పోవడమని కొందరూ, బాధ్యతల నుంచి తప్పుకోవడమని కొందరూ భావిస్తారు. రెండూ కాదు. ఎదుట ఉన్న పనిలో, ఎదుట ఉన్న మనిషితో పూర్తిగా ఉండగలగడం సరళత. అందుకు అడ్డువచ్చే వాటిని ఒక్కొక్కటిగా తీసివేయడం దానికి మార్గం. కొత్తది చేర్చడం అందరికీ వచ్చిన విద్యే. తీసివేయడానికే ధైర్యం కావాలి.

బాధ్యతలకూ మౌనానికీ పొత్తు కుదరదనేవారు ఒక చరిత్ర ఘట్టాన్ని గుర్తు చేసుకోవాలి. గాంధీజీ సోమవారాలు మౌనం పాటించేవారు. 1947 జూన్ 2 సోమవారం. దేశ విభజన ప్రణాళికను వైస్రాయి మౌంట్‌బాటెన్ నాయకుల ముందుంచిన రోజు. ఆనాడు తనను కలుసుకున్న గాంధీజీ ఏమంటారోనని మౌంట్‌బాటెన్ ఆందోళన చెందాడు. గాంధీజీ మాత్రం, అది తమ మౌనదినమని తెలుపుతూ, వాడిన కవర్ల వెనుక వైపున చిన్న చిన్న వాక్యాలు వ్రాసి ఇచ్చారు. ఆ రోజున ఆయన కంటె ఎక్కువ భారం మోస్తున్నవారు దేశంలో ఎందరున్నారు? అయినా వారంలో ఒక దినాన్ని ఆయన ఎవరికీ అమ్ముకోలేదు.

మనము అంతటివారము కానక్కరలేదు. మా విభాగంలో కొంతకాలంగా పాటిస్తున్న రెండు చిన్న పద్ధతులను ఇక్కడ మనవి చేస్తాము. మొదటిది: డ్యూటీ ముగిసిన తరువాత వాట్సాప్ బృందంలో వచ్చిన సందేశానికి మరునాటి వరకు జవాబు ఆశించము. నిజమైన అత్యవసరమైతే షిఫ్టు ఇన్‌చార్జి నేరుగా ఫోను చేస్తారు. ఇందువల్ల ఇంతవరకు ఏ కొంపా మునగలేదు. పైగా, రాత్రి ఫోను మ్రోగితే అది ముఖ్యమైనదేనని అందరికీ తెలుస్తున్నది. రెండవది: నెలనెలా పంపే ప్రతి నివేదిక గురించీ "దీనిని ఎవరు చదువుతున్నారు?" అని ఒకసారి విచారించాము. కొన్నింటికి పాఠకులే లేరని తేలింది. అనుమతి తీసుకుని వాటిని ఆపివేశాము. ఎవరూ అడగలేదు.

"పైవారు ఊరుకుంటారా?" అని కొందరికి సందేహం కలగవచ్చు. న్యాయమైన సందేహమే. అందుచేతనే ఈ మాట ముందుగా పై స్థానాలలో ఉన్నవారికి చెందుతుంది. అధికారి రాత్రి పదకొండు గంటలకు పంపిన సందేశం క్రింద "తొందర లేదు" అని వ్రాసినా, అందుకున్నవానికి నిద్ర పట్టదు. అలాగే, రెండు షిఫ్టులు చేస్తే తప్ప ఇల్లు గడవని కాంట్రాక్టు కార్మికునికి సరళత గురించి ఉపన్యసించడం అన్యాయం. అతనికి కావలసినది న్యాయమైన కూలి. ఎంపిక చేసుకునే వీలు ఉన్నవారికే ఈ బోధ.

ఇంటి విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. అదే పనులు చేసే పురుషులు వెచ్చిస్తున్నది 97 నిమిషాలు. ఆ పనులలో పాలుపంచుకునే పురుషుల సంఖ్య కూడా తక్కువే. ఆదివారం వరండాలో కుర్చీ వేసుకుని ప్రశాంతంగా పక్షుల కూతలు వినే గృహస్థు, ఆ సమయంలో వంటింట్లో ఏ చప్పుడు వినవస్తున్నదో కూడా వినాలి. ఒకరి తీరిక మరొకరి నడుం నొప్పి కారాదు. మన సంస్థలోనే పనిచేస్తూ, ఇంటికి వెళ్లి రెండవ డ్యూటీ ఎక్కే సోదరీమణులకు ఇది మేము చెప్పనక్కరలేదు. బియ్యం ఏరడం, బట్టలు మడవడం, తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకువెళ్లడం పంచుకుంటే పని తరుగుతుంది. ఆ పనులు చేస్తూ మాట్లాడుకునే మాటలు అదనపు లాభం.

చివరగా ఒక చిన్న లెక్క. రోజుకు ఒక గంట ఫోను తెరను వ్యర్థంగా వేలితో జరుపుతూ గడిపితే, ఏడాదికి 365 గంటలు. ఎనిమిదేసి గంటల చొప్పున అది 45 షిఫ్టులకు పైమాట. జీతం లేని, ఫలితం లేని, సెలవు కూడా లేని డ్యూటీ అది. మరొక వైపు, బిడ్డలు మనతో ఒకే కప్పు క్రింద ఉండేది ఇంటర్మీడియట్ వరకే. ఆ తరువాత వారు సెలవులకు వచ్చే అతిథులు. ఊరిలో ఉన్న మన పెద్దలకు మనమూ అలాంటి అతిథులమే. అరవయ్యేళ్లకు పదవీ విరమణ ఉత్తర్వు ఎలాగూ వస్తుంది. ఆ ఉత్తర్వు మనకు కాలాన్ని తిరిగి ఇస్తుంది గాని, ఆ కాలాన్ని పంచుకోవలసిన మనుషులను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

కనుక పాఠక మిత్రులకు మా విన్నపం ఒక్కటే. ఈ నెల కొత్తగా ఏదీ చేపట్టవద్దు. చేస్తున్న వాటిలో ఒక్కదానిని మానివేయండి. మిగిలిన ఆ అరగంటను మరొక పనితో నింపకండి. అలాగే ఖాళీగా ఉంచి, ఈ రాత్రి భోజనం దగ్గర మీ ఎదుట కూర్చున్నవారు చెప్పే మాటను చివరి వరకు వినండి.