మందిరానికి తాళం వేసిన రోజుల్లో నేర్చుకున్నది మరచిపోవద్దు



పోయిన నెల మన సంఘ కమిటీలో ఒక మాట వచ్చింది. బుధవారం రాత్రి ఫోను ప్రార్థన ఇక ఆపేద్దామని. “కరోనా పోయి ఎన్నాళ్లయింది అయ్యగారూ! మందిరం తెరిచే ఉంది. రావాలనుకున్నవాళ్లు వస్తారు. ఇంకా ఈ ఫోన్లు ఎందుకు? ఆ శ్రద్ధేదో కొత్త సౌండు బాక్సుల మీద పెడదాం” అని పెద్దల్లో ఒకరు అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నేను అక్కడ ఏమీ చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆ రోజుల్లో దేవుడు మాలాంటి పల్లె సేవకులకు ఏమి నేర్పాడో మీకు ఎప్పుడూ సూటిగా చెప్పలేదని తెలిసింది. అప్పుడు నేను చేసిన తప్పులు కూడా చెప్పలేదు. ఈ రోజు రెండూ చెప్తాను.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మందిరానికి తాళం వేసి ఇంటికొచ్చి కూర్చుంటే, ఇక నాకు పనేమీ లేదనిపించింది. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఏడాదికోసారి మూడు రోజుల సువార్త కూటాలు. పరిచర్య అంటే ఇదే అనుకుంటూ వచ్చాను. ఇవన్నీ జనం ఒకచోట చేరితేనే జరిగేవి. జనం చేరకూడదు అన్నాక పాస్టరు ఏం చేయాలి?

మొదట నేను చేసింది మొండితనం. ఏప్రిల్ 5 మట్టల ఆదివారం. తెల్లవారుజామున ఒక ఇంట్లో పదిహేను మందిని పోగుచేశాను. 91వ కీర్తన చదివి, తెగులు మన గుడారాన్ని సమీపించదు, భయపడొద్దు అని ధైర్యం చెప్పాను. బయటికి వస్తుంటే మన సంఘంలోనే పెరిగిన ఆశా వర్కరు చెల్లి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. “అయ్యగారూ, రేపు వీళ్లలో ఎవరికైనా వస్తే ఆ ఇంటికి వెళ్లాల్సింది నేనే కదా” అంది. అంతే అంది. నాకు జవాబు రాలేదు.

ఆ రాత్రి మత్తయి సువార్త నాలుగో అధ్యాయం తీశాను. దేవాలయ శిఖరం మీద అపవాది ప్రభువుకు వినిపించిన వాక్యం ఏది? ఆ 91వ కీర్తనలోదే! దూతలు ఎత్తి పట్టుకుంటారు, దూకేయమన్నాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు. నేను మాత్రం నాతోపాటు పదిహేను మందిని శిఖరం అంచుకు తీసుకెళ్లాను. విశ్వాసం అనే పేరుతో మొండితనాన్ని బోధించాను. ప్రభువు నన్ను క్షమించాడు. ఆ చెల్లిని కూడా క్షమాపణ అడిగాను.

తర్వాత ఫోను పట్టుకున్నాను. పట్నంలో పెద్ద సంఘాలవాళ్లు యూట్యూబులో ఆరాధన పెట్టారు. మన దగ్గర సగం ఇళ్లలో ఉన్నవి బటన్ ఫోన్లే. కాన్ఫరెన్స్ కలిపితే ఒకసారికి నలుగురైదుగురికి మించి కలవరు. అందుకని వీధులవారీగా విడదీసి, రోజుకు రెండు మూడు గుంపులకు ఫోను చేసేవాణ్ణి. అయిదుగురికి గంట ప్రసంగం చేయలేం కదా! పది నిమిషాలు వాక్యం చెప్పి, ఇక మీరు ప్రార్థన చేయండి అనేవాణ్ణి.

అక్కడ నా కళ్లు తెరుచుకున్నాయి. మన సంఘంలో ఒక ముసలమ్మ ఉంది. పన్నెండేళ్లుగా వెనక చాప మీద కూర్చుంటుంది. చదువు రాదు. ఆమె గొంతు నేను ఎన్నడూ వినలేదు, ఎందుకంటే మైకు ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. ఫోనులో ఆమె ప్రార్థన చేస్తే వీధిలో ప్రతి ఇంటినీ పేరుపేరునా దేవుని ముందు పెట్టింది. మందిరానికి రానివాళ్లనూ, మనల్ని తిట్టేవాళ్లనూ కూడా. ఎవరింట్లో బియ్యం అయిపోయాయో, ఎవరి కొడుకు హైదరాబాదులో పని పోయి నడిచి వస్తున్నాడో ఆమె ప్రార్థన వల్లే నాకు తెలిసింది. కాపరిని నేను. మందను ఎరిగింది ఆమె.

కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లు కూడా ఆ రోజుల్లోనే కలిశారు. వాట్సాప్‌లో నా పది నిమిషాల వాక్యం పంపితే, పని అయ్యాక అర్ధరాత్రి విని, తమ ప్రార్థన రికార్డు చేసి పంపేవారు. ఏళ్ల తరబడి వాళ్ల నుంచి మనకు కానుకలు వస్తూనే ఉన్నాయి. మనం మాత్రం వాళ్లకు వాక్యం పంపాలని అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

పాడేరు వైపు ఏజెన్సీలో సేవ చేసే నా స్నేహితుడి సంగతి ఇంకో రకం. అక్కడ కొండ ఊళ్లవాళ్లు జబ్బు రాకుండా దారికి అడ్డంగా చెట్లు కొట్టి పడేశారు. బయటివాళ్లెవరూ రావొద్దన్నారు. ఆయనకు కాలిదారులు తెలుసు. అయినా వెళ్లలేదు. కొండ మీదివాళ్లకు జబ్బు చేస్తే మోసుకు రావడానికి రోడ్డు కూడా లేదు, వాళ్ల భయం న్యాయమైనది అన్నాడు. తాను నేర్పిన ఇద్దరు కుర్రాళ్లకే బాధ్యత అప్పగించాడు. అంతకుముందు ఆయన తెలుగులో చెప్తే ఒకరు తర్జుమా చేసేవారు. ఇప్పుడు ఆ కుర్రాళ్లు తమ భాషలోనే వాక్యం చెప్పారు. ఆంక్షలు తీసేశాక ఆయన వెళ్లి చూస్తే సంఘం చెదరలేదు సరికదా, తన అవసరం తగ్గింది. “మొదట బాధేసింది అన్నా, తర్వాత సంతోషం వేసింది” అన్నాడు. పౌలు థెస్సలొనీకకు రావాలని ఎంతో ఆశపడి, రాలేక, తిమోతిని పంపాడు. తాను వెళ్లలేని చోటికి ఇంకొకరిని పంపగలిగినవాడే మిషనరీ.

ఇక కడుపు సంగతి. ఆదివారం లేకపోతే కానుక లేదు. కూలికి వెళ్లలేని మిమ్మల్ని దశమభాగం అడిగే నోరు నాకు లేదు. 2020 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు 5,000 రూపాయల చొప్పున ఒకసారి సాయం చేసింది. అది ఎన్నాళ్లు వస్తుంది? ఉపాధి పనులు మళ్లీ మొదలవగానే నేనూ మీ అమ్మగారూ పలుగు, తట్ట తీసుకుని చెరువు పనికి వచ్చాం. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజు కూలి 237 రూపాయలు. “అయ్యగారు కరువు పనికి రావడమేంటి, మాకు తలవంపులు” అని మీలో కొందరు బాధపడ్డారు. కొరింథులో పౌలు డేరాలు కుట్టి బ్రతికాడు. నాకేం తలవంపులు? ఆ గట్టు మీద సద్దిమూటలు విప్పుకుని కూర్చున్నప్పుడు, మందిరం మెట్టు ఎన్నడూ ఎక్కనివాళ్లు నాతో తమ కష్టం చెప్పుకున్నారు. తెల్లచొక్కాతో వెళ్లినప్పుడు వాళ్లు చెప్పలేదు.

మన ప్రకాశం జిల్లావాళ్లకు ఇది కొత్త కాదు. 1876-78 మధ్య దాతు కరువు వచ్చింది. జనం ఆకలితోనూ కలరాతోనూ రాలిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. వయసులో ఉన్నప్పుడు సర్వే పని నేర్చిన మనిషి. తన బోధకులనే పనుల మీద పెట్టారు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ల మధ్య కూర్చుని ప్రభువు మాట చెప్పేవారు. అయితే ఒకటి గమనించండి. ఎందరో వచ్చి బాప్తిస్మం ఇవ్వమని అడిగినా, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలనివ్వమన్నారు. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలువ తవ్వినవాళ్ల మునిమనవళ్లు మన జిల్లాలో ఎందరో ఉన్నారు.

కరోనాలో మనమూ బియ్యం, పప్పు పంచాం. కొన్నిచోట్ల ఫ్లెక్సీ కట్టి, సంచి ఇస్తూ, పుచ్చుకునేవాళ్ల ముఖాలు ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. మొదటి రోజు మనమూ అదే చేశాం. నిస్సహాయంగా చెయ్యి చాచిన మనిషిని ఫోటో తీయడం, కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాటకు విరుద్ధం. రెండో రోజు నుంచి చీకటి పడ్డాక, ఏ మతమని అడగకుండా గుమ్మంలో పెట్టి వచ్చాం. అదే సరైన పద్ధతి. సాయానికి వాక్యాన్ని కొక్కెంలా తగిలించకూడదు.

ఇప్పుడు నా రెండో తప్పు చెప్పాలి. ఇది చెప్పడం కష్టం.

2021 మే. రెండో వేవ్. మన సంఘంలో నాకంటే ముందు నుంచీ ఉన్న వడ్రంగి అన్న చనిపోయాడు. మందిరం తలుపులు చేసింది ఆయనే. పొద్దుపోయాక అంబులెన్సులో తెచ్చారు. శవాన్ని తాకకుండా దూరం నుంచి వాక్యం చదువుకోవచ్చని, ప్రార్థన చేసుకోవచ్చని ప్రభుత్వ నిబంధనలే చెప్పాయి. అది నాకు తెలుసు. నేను వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని ఫోను స్పీకరులో ప్రార్థన చేశాను. మనం అన్యులని పిలిచే పక్కవీధి కుర్రాళ్లు ఇద్దరు, పంచాయతీ ఇచ్చిన తెల్లకోట్లు వేసుకుని ఆయన్ను గుంటలో దించారు. మర్నాడు ఆయన కూతురు ఫోను చేసి, “దూరంగానైనా నిలబడి ఉంటే బాగుండేది అయ్యగారూ” అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయాన్నే వేరే ఊరికి తరలించారు. మార్టిన్ లూథర్ గారిని కూడా వెళ్లిపొమ్మని పాలకుడు చెప్పాడు. ఆయన వెళ్లలేదు. తన ఇంట్లోనే రోగులను ఉంచుకుని చూశాడు. ప్రాణాంతకమైన తెగులు వస్తే పారిపోవచ్చా అని వేరే ఊరి సేవకులు అడిగితే, జవాబుగా ఉత్తరం రాశాడు. దాని సారం ఇది: మందు వాడండి, ఇల్లు శుభ్రం చేసుకోండి, అవసరం లేని చోటికి వెళ్లి జబ్బు అంటించుకోవద్దు, ఇతరులకు అంటించవద్దు. కానీ నీ పొరుగువాడికి నీ అవసరం ఉంటే వెనక్కి తగ్గవద్దు. అందులోనూ కాపరి అసలు విడిచిపోకూడదు.

చూశారా, నేను రెంటిలోనూ తప్పాను. వెళ్లకూడని రోజు పదిహేను మందిని పోగుచేశాను. వెళ్లాల్సిన రోజు తలుపు వేసుకున్నాను. మొదటిదాన్ని విశ్వాసం అన్నాను, రెండోదాన్ని జాగ్రత్త అన్నాను. రెంటిలోనూ నేను చూసుకున్నది నన్నే. పొరుగువాణ్ణి చూసి ఉంటే రెండూ సరిగ్గా చేసేవాణ్ణి. ఆపదలో సేవకుడు తన పద్ధతి మార్చుకోవాలి, నిజమే. అయితే దేన్ని కొలతగా పెట్టుకుని మార్చుకోవాలి? నా పేరు, నా ప్రాణం కాదు. నా పొరుగువాడి మేలు. ఆ ఆశా వర్కరు చెల్లికి ఇది తెలుసు. నాకు తెలియడానికి ఏడాది పైన పట్టింది.

ఇక కమిటీలో వచ్చిన మాటకు నా జవాబు. మందిరానికి రావడం ముఖ్యం, ఫోను దానికి బదులు కాదు. యోహాను తన రెండో పత్రిక చివర్లో, సిరాతో రాయడం కంటే ముఖాముఖి మాట్లాడడమే తనకు ఇష్టమని చెప్పాడు. నాకూ అంతే. కానీ ముఖాముఖి రాలేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మంచం పట్టినవాళ్లు, కువైట్‌లో ఉన్నవాళ్లు, రాత్రి డ్యూటీలవాళ్లు. వాళ్లకు లాక్‌డౌన్ ఇంకా తీయలేదు. మన లాక్‌డౌన్ తీసేశారని వాళ్ల ఫోను కట్ చేద్దామా?

అందుకని పెద్దలకు నా మనవి. సౌండు బాక్సులు తర్వాత కొనుక్కుందాం. బుధవారం ఫోను ప్రార్థన ఉంచుదాం, అందులో నేను పది నిమిషాలే మాట్లాడతాను. నెలలో ఒక ఆదివారం మైకు ఆపి, చాపల మీద చిన్నచిన్న గుంపులుగా కూర్చుని, వెనక కూర్చునేవాళ్లను ప్రార్థన చేయనిద్దాం. నేను లేని రోజు వాక్యం చెప్పగల ఇద్దరు కుర్రాళ్లను, ఇద్దరు ఆడపిల్లలను ఈ ఏడాదే సిద్ధపరుద్దాం. సాయం చేస్తే ఫోటో తీయకుండా చేద్దాం.

మళ్లీ అలాంటి రోజు వస్తుందో రాదో దేవునికి తెలుసు. వస్తే మాత్రం మందిరానికి తాళం వేసేటప్పుడు నాకు పని లేదని నేను అనుకోను. వడ్రంగి అన్న చేసిన ఆ తలుపులు మూసిన ప్రతిసారీ ఆయన్ను తలచుకుంటాను. ఆ కుటుంబానికి ఎదురుగా క్షమాపణ చెప్పాను. ఈ రోజు మీ అందరి ముందు కూడా చెప్తున్నాను.

ప్రభువా, మొండితనం నుండి, పిరికితనం నుండి నీ సేవకులను తప్పించుము. పొరుగువాణ్ణి చూసే కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.

మీ ప్రార్థనలు కోరే,
మీ సంఘ సేవకుడు