శాశ్వతమెవరికి?

అభ్యుదయ సాహిత్య పత్రికలో మోటారు పందాల ప్రసక్తి ఏమిటని కొందరు మిత్రులు ముక్కుమీద వేలు వేసుకోవచ్చు. అది ధనికుల వినోదం, దానితో మనకేమి పని అని వారి వాదం. నేనీ వాదాన్ని అంగీకరించను. ధనికుల వినోదం రైతు విడిచిన నేలమీద నడుస్తున్నప్పుడు, ఆ నేల లెక్క అడగడం మన పనే.

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌ను తీసుకుందాం. దాని పథకం గీసినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కే. పొడవు 5.125 కిలోమీటర్లు, మలుపులు 16. చదునైన మైదానంలో మట్టి పోసి ఎత్తుపల్లాలు సృష్టించారు. కిలోమీటరుకు మించిన తిన్నని దారి ఒకటున్నది. మలుపుల దగ్గర బాటను వెడల్పు చేశారు. ఎందుకు? వెనుకబడినవాడికి ముందువాణ్ణి దాటే అవకాశముండాలని! అదుపు తప్పినవాడి ప్రాణం పోకుండా బాట పక్కన ఖాళీ నేల విడిచారు. ఇది మంచి శాస్త్రం; దీనిని నేను తూలనాడను.

నేనడిగేదొక్కటే: బాట గీసిన చేతికున్న ఈ వివేకం, భూమి తీసుకున్న చట్టానికెందుకు లేకపోయింది? ఆనాడు అమలులో ఉన్నది తెల్లదొరల 1894 నాటి భూసేకరణ చట్టం. భూమిలో హక్కు చూపగలవాడికే అది పరిహారమిచ్చేది. ఆ చేలో కలుపు తీసి బ్రతికే కూలీ దాని కంటికి ఆనలేదు. 2011 మే నెలలో, అదే జిల్లాలోని భట్టా పర్సౌల్‌లో భూసేకరణపై రైతులు తిరగబడ్డారు. ఘర్షణలో ఇద్దరు రైతులు, ఇద్దరు పోలీసులు మరణించారు. అక్టోబరులో తొలి ఫార్ములా వన్ పందెం అట్టహాసంగా జరిగింది. కూలీ కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా గుర్తించడానికి 2013 చట్టం దాకా ఆగవలసివచ్చింది.

సరే, ఇంత చేసి సాధించినదేమిటి? ఫార్ములా వన్ మూడేళ్ళు నడిచి 2013తో ఆగింది. 2023లో ఒకసారి మోటోజీపీ మోటారు సైకిళ్ళు పరుగెత్తాయి. ఫార్ములా వన్ హక్కులుగల విదేశీ సంస్థ, తనకీ దేశంలో శాశ్వత స్థావరమే లేదు గనుక పన్ను కట్టనక్కరలేదని సుప్రీంకోర్టు దాకా వాదించింది. 2017లో కోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. చూశారా చమత్కారం! నేల తీసుకునేటప్పుడు అంతా శాశ్వతం. పన్ను కట్టేటప్పుడు మూడురోజుల ముచ్చట! బకాయిలు చెల్లించలేదని, సర్క్యూట్‌తోసహా జేపీ సంస్థకిచ్చిన 1000 హెక్టార్ల కేటాయింపును యమునా ఎక్స్‌ప్రెస్‌వే అభివృద్ధి సంస్థ 2020లో రద్దుచేసింది. 2025 మార్చిలో అలహాబాదు హైకోర్టు ఆ రద్దును సమర్థించింది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల పందెం జరిగింది. దాని మంచిచెడ్డలు వేరు. పందెం ముగిశాక ఆ దారి మళ్ళీ నగరానికి దక్కింది. శాశ్వత సర్క్యూట్ అట్లా కాదు. పందెం పోయినా తారు మిగులుతుంది. తారుమీద నాగలి దిగదు.

కాబట్టి, వేగాన్ని నిందించి ఊరుకుంటే చాలదు. ఆ నేలమీద ఏ కొత్త ఒప్పందం జరిగినా, కాగితానికెక్కని కూలీల వాటా అందులో మొదట తేలాలి. రేపు మన ప్రాంతంలో ఎవరైనా ఇటువంటి పటం తెచ్చి బల్లమీద పరిస్తే, మలుపులెన్నని అడగడానికి ముందు, దానిక్రింద పొలాలెన్ని, వాటిమీద బ్రతికే చేతులెన్ని అని అడుగుదాం. ఆ లెక్క చూపని పటం ఎంత అందమైనదైనా, అది అబద్ధపు పటమే.