విమానం ఆలస్యానికి ‘సాంకేతిక కారణాలు’ అంటే ఏమిటి? శంషాబాద్ పొగ ఘటన ఏం చెబుతోంది?

నర్సీపట్నంలో తెల్లవారకముందే కారెక్కి విశాఖ విమానాశ్రయానికి చేరుకున్నారు. గేటు దగ్గర కూర్చోగానే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: ‘సాంకేతిక కారణాల వల్ల మీ విమానం ఆలస్యం’. ఎవరికైనా చిరాకు వస్తుంది. కానీ ఆ కారణాలేమిటో ఎప్పుడైనా ఆలోచించారా? 2022 అక్టోబరు 12 రాత్రి శంషాబాద్‌లో జరిగింది చూస్తే కొంత అర్థమవుతుంది.

ఆ రోజు గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ క్యూ400 విమానంలో పొగ కమ్మింది. కేబిన్‌లోనే కాదు, కాక్‌పిట్‌లోనూ. పైలట్లు ఎమర్జెన్సీ ప్రకటించి శంషాబాద్‌లో దించారు. 86 మంది ప్రయాణికులను హుటాహుటిన బయటకు పంపారు. దిగేటప్పుడు ఒకరికి స్వల్ప గాయమైంది. హైదరాబాద్ రావాల్సిన మరో 9 విమానాలను దారి మళ్లించారు.

మంట లేదు, పొగే. మరి ఆ పొగ ఎక్కడిది?

క్యూ400 అయినా, మన రాజమండ్రి, కడపలకు తిరిగే ఏటీఆర్ అయినా రెక్కలకు పంకాలుండే టర్బోప్రాప్ విమానాలే. వీటిలో మీరు పీల్చే గాలి ఇంజిన్ మీదుగానే వస్తుంది. ఇంజిన్ కంప్రెసర్ నుంచి కొంత వేడి గాలిని పక్కకు మళ్లించి, చల్లబరిచి కేబిన్‌లోకి వదులుతారు. దీన్నే బ్లీడ్ ఎయిర్ అంటారు. ఇంజిన్‌లో బేరింగులకు ఆయిల్ అందుతూ ఉండాలి. అది దారి తప్పకుండా ఆపేవి సీళ్లు. సీలు అరిగితే ఆయిల్ ఆ గాలిలో కలిసి, వేడికి మాడి, ఏసీ రంధ్రాల్లోంచి పొగగా వస్తుంది. పొయ్యి మీద మూకుడులో నూనె మాడితే ఇల్లంతా కమ్మినట్టే.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమానం కూడా అటే వెళ్లింది. స్పైస్‌జెట్ క్యూ400 ఇంజిన్ల ఆయిల్ నమూనాలను 15 రోజులకోసారి తయారీ సంస్థ ప్రాట్ అండ్ విట్నీ కెనడాకు పంపాలని ఆదేశించింది. అందులో లోహపు రజను, కార్బన్ సీలు రేణువులు ఉన్నాయేమో చూడాలి. ఒక రకంగా ఇంజిన్‌కు రక్తపరీక్ష.

అసలు సమస్య డబ్బా?

ఇది మొదటిసారీ కాదు. అదే ఏడాది జులై 2న ఢిల్లీ నుంచి జబల్‌పూర్ బయల్దేరిన స్పైస్‌జెట్ క్యూ400 కూడా పొగతో వెనక్కి వచ్చింది. నాలుగు రోజులకు డీజీసీఏ షోకాజ్ నోటీసు ఇచ్చింది. అంతర్గత భద్రతా పర్యవేక్షణ బలహీనంగా ఉందని, మెయింటెనెన్స్ చర్యలు చాలడం లేదని అందులో చెప్పింది. నోటీసులో అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. 2021 సెప్టెంబరులో జరిపిన ఆర్థిక మదింపులోనే సంస్థ సరఫరాదారులకు సక్రమంగా చెల్లించడం లేదని, దాంతో విడిభాగాల కొరత వచ్చి తరచూ ఎంఈఎల్ వాడుతున్నారని తేలింది.

ఎంఈఎల్ అంటే ‘మినిమం ఎక్విప్‌మెంట్ లిస్ట్’. ఏ పరికరం పనిచేయకపోయినా విమానం నడపొచ్చో, ఎన్నాళ్లలో బాగు చేయాలో అందులో ఉంటుంది. ‘బి’ కేటగిరీ లోపానికి 3 రోజులు, ‘సి’కి 10 రోజులు, ‘డి’కి 120 రోజులు గడువు. ఇది తప్పుడు పద్ధతేమీ కాదు, ప్రపంచమంతటా ఉన్నదే. విడిభాగం కొనడానికి చేతిలో డబ్బు లేక గడువు చివరిదాకా లాగడమే చిక్కు.

జులై 9 నుంచి 13 వరకు డీజీసీఏ 48 స్పైస్‌జెట్ విమానాలను తనిఖీ చేసి, పెద్ద ఉల్లంఘనలు లేవంది. అయినా 10 విమానాలను మాత్రం లోపాలు సరిచేశాకే నడపమంది. జులై 27న సంస్థ సర్వీసులను సగానికి కుదించి, ఆ ఆంక్షను తర్వాత అక్టోబరు 29 వరకు పొడిగించింది. శంషాబాద్ ఘటన జరిగింది ఆ ఆంక్షలు అమల్లో ఉండగానే. ఆర్థిక మదింపుకీ ఆంక్షలకీ మధ్య పది నెలలు గడిచాయి. నా దృష్టిలో అసలు నిలదీయాల్సింది ఈ జాప్యాన్నే.

ఇంజిన్‌లో నిజంగానే మంట వస్తే? సెన్సర్లు కాక్‌పిట్‌లో హెచ్చరిక ఇస్తాయి. పైలట్లు ఆ ఇంజిన్‌కు ఇంధనం ఆపి, గాలి ఒత్తిడి తగ్గేలా పంకా రెక్కలను తిప్పి, మంటలార్పే సిలిండర్ వదులుతారు. మిగిలిన ఒక్క ఇంజిన్‌తో విమానం దిగగలదు.

కిటికీలోంచి పొగ, ఆయిల్ చార కనిపిస్తే వీడియో తీయడం తర్వాత, ముందు సిబ్బందికి చెప్పండి. ఖాళీ చేయమంటే పైనున్న బ్యాగు జోలికి వెళ్లొద్దు. ఇక గేటు దగ్గర ఆలస్యమైతే: విశాఖ-హైదరాబాద్ లాంటి చిన్న ప్రయాణానికి 2 గంటలు దాటితే ఫలహారం అడగొచ్చు. 6 గంటలు దాటేలా ఉంటే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బోర్డింగ్ పాస్, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి.