పాసైతే చాలు

మా వీధిలో డిగ్రీ మొదటి ఏడాది చదివే అమ్మాయి మొన్న ఒక రికార్డు తెచ్చి చూపించింది. అట్టకు గోధుమరంగు కాగితం, లోపల స్కెచ్ పెన్నుతో మార్జిన్లు. విషయం: మా ఊరి చెరువు. తామరలు, నాచు, కప్పలు, కొంగలు, వాటి మధ్య ఎవరు ఎవర్ని తింటారో చెప్పే బాణం గుర్తులు. బొమ్మ ముచ్చటగా వేసింది. చిక్కల్లా ఒకటే. మా చెరువులో తామరలు లేవు, ఆ మాటకొస్తే నీళ్లే లేవు. సగం ప్లాట్లయింది, మిగతా సగం తుమ్మచెట్లు. పాత తూము రాళ్లు మాత్రం పెట్రోలు బంకు వెనక ఇంకా ఉన్నాయి.

"చెరువు దగ్గరికి వెళ్లావా అమ్మా?" అన్నాను.

"లేదంకుల్. జిరాక్స్ షాపులో మోడల్ రికార్డు దొరుకుతుంది. క్లాసంతా అదే రాశాం."

"పోనీ, తూము ఎప్పుడైనా చూశావా?"

"తూమంటే?"

ఆ పిల్లను ఏమనగలం? ఈ పర్యావరణం పేపర్లో పాసైతే చాలని సీనియర్లు చెప్పారు, లెక్చరర్లు చెప్పారు, ఇంట్లోనూ చెప్పారు.

అసలు ఆ పేపరు పుట్టిన తీరు వేరు. పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చెయ్యాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. తర్వాత డిగ్రీ పిల్లలందరి కోసం యూజీసీ తయారుచేయించిన సిలబస్‌లో ఒక యూనిట్‌కి గదిలో పనిలేదు. మీ దగ్గరి నదో, కొండో, గడ్డిబీడో చూసి రాయండి, కాలుష్యం ఉన్న చోటుకి వెళ్లి రండి, మామూలు మొక్కల్నీ పురుగుల్నీ పిట్టల్నీ గుర్తుపట్టండి అంటుందది. చెరువు పేరు కూడా అందులో ఉంది. దానికి ఐదు పీరియడ్ల సమయం ఇచ్చారు. డిగ్రీ సిలబస్‌లలో ఇంతకంటే బుద్ధిగా రాసిన పేజీ నేను చూడలేదు. దాన్ని జిరాక్స్ షాపుకి పంపించాం.

అందరికీ ఉమ్మడిగా ఇలాంటి పాఠాలుండాలన్న ఆలోచన ఇంకా పాతది. సైన్సు చదివేవాడికి సాహిత్యం, సాహిత్యం చదివేవాడికి సైన్సు కాస్తయినా అందాలని, అందుకు డిగ్రీలోనే జనరల్ ఎడ్యుకేషన్ పాఠాలుండాలని చెప్పిన 1948-49 విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షులు రాధాకృష్ణన్. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆయన 1931 నుంచి ఐదేళ్లు నడిపారు. ఆయనకు ముందూ తర్వాతా ఆ కుర్చీలో ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి ఒక చేత్తో 'ముసలమ్మ మరణము' కావ్యం, ఇంకో చేత్తో అర్థశాస్త్ర గ్రంథం రాసినవారు. ఆ కావ్యానికి వస్తువేమిటి? అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే గండికి అడ్డుపడి ప్రాణమిచ్చిన ఇల్లాలి కథ. మళ్లీ చెరువే.

మన కాలేజీల్లో ఈ పాఠాలకు ఉరితాడు పేనింది మార్కుల లెక్క. డిగ్రీని చాలాకాలం రెండు ముక్కలు చేసి పెట్టాం. భాషలు పార్ట్-1, గ్రూపు సబ్జెక్టులు పార్ట్-2. పీజీ సీటుకెళ్లినా, ఉద్యోగానికెళ్లినా అడిగేది పార్ట్-2 మార్కులు. ఇక పిల్లవాడికి వేరే పాఠం అక్కర్లేదు, ఏది చదవాలో ఏది గట్టెక్కాలో మార్కుల మెమోయే చెప్పింది. తర్వాత సెమిస్టర్లొచ్చాయి, క్రెడిట్లొచ్చాయి, పేర్లు మారాయి. టైంటేబుల్లో ఇలాంటి పేపర్ల చోటు మాత్రం మారలేదు: మధ్యాహ్నం ఆఖరి పీరియడ్. చెప్పేది ఎవరికి వర్క్‌లోడ్ తక్కువైతే వాళ్లు. కామర్స్ ఆయన జీవవైవిధ్యం చెబుతాడు, ఫిజిక్స్ ఆవిడ భారతీయ సంస్కృతి చెబుతుంది. ఇద్దరికీ గైడే దిక్కు. 2020 జాతీయ విద్యావిధానం బాణుడి కాదంబరినీ అరవైనాలుగు కళలనూ తలుచుకుంది, మంచిదే. ఆ అరవైనాలుగూ చెప్పాల్సింది గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరరే కదా అన్న సంగతి నాకు పంటికింద రాయిలా తగులుతుంది.

ఇలాంటి పేపరు ఒక మంచి మాస్టారి చేతికి ఇచ్చి, ప్రశ్నలూ మార్కులూ ఆయనకే వదిలేస్తే ఏం చెప్పవచ్చు? మిగతావన్నీ పక్కనపెట్టి చెరువు ఒక్కటే చూడండి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువుది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని ఏకరువు పెడుతుంది. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం, అది ఇంజినీరింగ్. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఇంకో దోషం, అది రాజనీతి. (కృష్ణా జలాల మీద ఏళ్ల తరబడి వాదించుకుంటున్న మనకు ఈ రెండోది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.) కూలీల లెక్క కామర్స్ వాళ్లకి, కప్పలూ కొంగలూ బయాలజీ వాళ్లకి. తూము, అలుగు, కట్ట, ఆయకట్టు తెలుగు మాస్టారికి. సేద్యం మాటల్ని ఊరూరా తిరిగి పోగుచేయించి భద్రిరాజు కృష్ణమూర్తి తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం 1962లోనే అచ్చయింది. పాత కాలేజీ లైబ్రరీల్లో వెతికితే దుమ్ములో దొరుకుతుంది.

సాయంత్రం ఆ అమ్మాయినీ వాళ్ల నాయనమ్మనీ వెంటబెట్టుకుని బంకు వెనక్కి వెళ్లాను. ముసలావిడ తూము రాయి మీద చెయ్యి వేసి, "ఇది ఎత్తితే మా మూడెకరాలకీ సాయంత్రానికల్లా నీళ్లు" అంది. ఆ మూడెకరాలెక్కడని పిల్ల అడిగింది. ఆవిడ చూపించిన వైపు ఫంక్షన్ హాలు ఉంది. పిల్ల ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకుంది. ఒకటి రికార్డులో అంటించమన్నాను. సంతకాలు అయిపోయాయట.