చెట్టు లేని కల్లు, పండు లేని బీరు

పట్నంలో ఇప్పుడు బీరుకు కూడా పండ్లబుట్ట తోడైంది. మామిడి బీరట, నారింజ బీరట! 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రో బ్రూవరీలకు నియమాలు కట్టి అనుమతులిచ్చిన దగ్గర్నుంచీ హైదరాబాదులో ఈ వైభోగం మొదలైంది. గ్లాసు పట్టుకున్న పెద్దమనిషి కళ్ళు మూసుకుని, "ఆహా, ఏమి పరిమళం! ఇదొక కళ సుమండీ!" అంటాడు. కళే, కాదన్నదెవరు? అదే పెద్దమనిషి మహబూబ్‌నగర్ దారిలో కారాపి, మోకు భుజాన వేసుకుని లొట్టి దించుకొస్తున్న గౌండ్లాయన్ని చూస్తే ముక్కు మూసుకుంటాడు. నా జగడమల్లా ఆ ముక్కుతోనే.

బెల్జియం దేశంలో, బ్రసెల్స్ చుట్టుపక్కల, లాంబిక్ అని ఒక బీరుంది. బార్లీ, గోధుమలు కలిపి కాచిన రసాన్ని వెడల్పాటి తొట్టిలో పోసి రాత్రంతా గాలికి వదిలేస్తారు. గాలిలోనూ ఆ కొట్టంలోనూ ఉన్న ఈస్టే దాన్ని పులియబెడుతుంది. చెక్క పీపాల్లో మాగబెట్టి, పుల్ల చెర్రీపండ్లు వేస్తే 'క్రీక్' అవుతుంది. దానికి లోకమంతా జేజేలు!

మరి మన ఈతచెట్టుకు గీత పెట్టి లొట్టి కడితే జరిగేదేమిటండీ? దిగినప్పుడు తియ్యటి నీరా. గాలిలోని, లొట్టిలోని ఈస్టు గంటల్లో దాన్ని కల్లు చేస్తుంది. మర్నాటికి పుల్లబారిపోతుంది. చెక్కపీపాలో జరిగితే శాస్త్రమూ, మట్టిలొట్టిలో జరిగితే మోటుతనమూనా? అదే బెల్జియంలో మరో రకం గోధుమ బీరులో ధనియాలూ నారింజ తొక్కా వేస్తారు. ధనియాలు వేసి కాస్తే మా ఇళ్ళల్లో దాన్ని చారంటారు. మా ఆడవాళ్ళ కళకు ఎవరూ జేజేలు కొట్టరు!

"అట్లనకండి, పండ్ల బీరు పెరిగితే నల్లగొండ బత్తాయి రైతు బాగుపడతాడు" అనేవారున్నారు. వినడానికి చల్లగానే ఉంది. కానీ బీరుకు మూలం బార్లీ మాల్టు. పండు చేరేది రుచికీ వాసనకూ. నల్లగొండ బత్తాయి లారీలకెత్తి ఢిల్లీ దాకా పోతుంది. ధర పడినప్పుడు కోతకూలీ కూడా గిట్టదు. ఆ రాశులను గ్లాసులో వేసిన నాలుగు తొనలు ఆదుకుంటాయా? అదీ నిజం పండైతే! ఎసెన్సు నాలుగు చుక్కలు చిలకరించేవాడికి తోటతో పనేమిటి? రైతును బొమ్మగా సీసా మీద అతికించి, బేరం మాత్రం తాము చేసుకుంటారన్నమాట.

ఇక మన గడపలోని మురికీ చూడాలి. అసలు కల్లు నిలవుండదు, దూరం పోదు. చెట్లు తగ్గాయి, గిరాకీ తగ్గలేదు. ఆ సందులోంచే పొడి దూరింది. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రాజోలం అనే మత్తుమందులు నీళ్ళలో కలిపి, తీపికి సాక్రిన్ వేసి, కల్లని అమ్మారు. 2015లో ఆ కల్తీకి అడ్డుకట్ట వెయ్యగానే పాలమూరు, నిజామాబాదు ఆస్పత్రులకు జనం బారులు తీరారు. మందు అందక వణుకు, ఫిట్లు, పిచ్చిమాటలు! ఒళ్ళు నొప్పులు మరవడానికి తాగిన కూలీమనిషి ఒంటినే ఆ పొడి కట్టేసింది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయాయి. అప్పుడు అందరూ కల్లును తిట్టారు. చెట్టెక్కని కల్లుకు చెట్టు మీద తిట్లా?

"ఈ గొడవెందుకు, మొత్తం మాన్పిస్తే సరి" అంటారా? నెల్లూరు జిల్లా ఆడపడుచులు 1992లో సారా మీద తిరగబడ్డారంటే వాళ్ళ కోపం న్యాయమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. తాగుడును నేను పొగడ్డం లేదు. తాగి ఇల్లు గుల్ల చేసుకునేవాడికి ఈతకల్లైనా, చెర్రీ బీరైనా ఒకటే. కానీ అమ్మేవాడు చెప్పిన పేరుకూ గ్లాసులో ఉన్నదానికీ పొత్తుండాలా వద్దా?

కాబట్టి అధికారులకు ఒకే మాట. ఊళ్ళో గీతకొచ్చే చెట్లెన్ని, అమ్ముడయ్యే సీసాలెన్ని అని లెక్క కట్టండి. పరీక్ష చేసే మనిషిని చావులకు ముందే పంపండి. చెరువుగట్ల మీద ఈత, తాటి నాటించి గీత కార్మికుడికి బతుకు చూపండి. పండ్ల బీరువాళ్ళను ఏ పండు, ఎంత పండు అని అచ్చు వెయ్యమనండి.

పెద్దమనిషిగారూ, తమరి కళను తమరు ఆస్వాదించండి. ముక్కు మూసుకోవాలనిపిస్తే మాత్రం పొడి దగ్గర మూసుకోండి, లొట్టి దగ్గర కాదు.