గంజాం జాబితాలో గిడుగు వారు ఎందుకు కనిపించరు?

పోస్టు కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మన సభ్యుల డైరెక్టరీ కొత్తగా వేయాలన్న మాట వచ్చినప్పటి నుంచి గ్రూపులో ఒకటే పాట. ఒక ఎక్సెల్ షీటు చేసి పంపేయండి, అందరం నింపేస్తాం అని. ఇంటి యజమాని, ఇంటిపేరు, గోత్రం, సొంతూరు, భాష, ఫోను. ఆరు గడులు, పని అయిపోయింది. మేము మాత్రం దీనికి ఒప్పుకోలేకపోతున్నాం. పట్టిక వద్దని కాదు, చివరికి అచ్చయ్యేది పట్టికే. మొదట రాసుకోవలసింది మాత్రం పట్టిక కాదు, బంధాలు.

మన ఇళ్ళలోనే చూడండి. మేనమామ కూతుర్ని చేసుకున్నవాడికి ఆ మేనమామే మామగారు. ఇద్దరి మధ్య రెండు బంధాలు. ‘బంధుత్వం’ అన్న గడిలో ఏది రాస్తారు? పెళ్ళై విశాఖ వెళ్ళిన ఆడపిల్ల ఇంటిపేరు మారింది, ఇక్కడి ‘ఇంటి యజమాని’ వరసలో ఆమెకు చోటు లేదు. ఆమె పుట్టింది బరంపురంలోనే కదా!

ఇలాంటి అల్లికను ఉన్నది ఉన్నట్టు రాసుకునే పద్ధతిని గ్రాఫ్ డేటా అంటారు. అందులో ప్రతి సంగతీ మూడు ముక్కల వాక్యం. ‘వి.వి.గిరి – పుట్టిన ఊరు – బరంపురం’ ఒకటి. ‘బరంపురం – జిల్లా – గంజాం’ ఇంకొకటి. 2012లో మొదలైన వికీడేటా నడిచేది ఇలాగే. ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా చేర్చవచ్చు. దీని నుంచి పట్టిక కావాలంటే స్పార్కిల్ అనే ప్రశ్నల భాష ఉంది. 2008 నుంచి అది ప్రమాణం. పేరు చూసి బెదరకండి. తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టడమే అందులోని కిటుకు. ‘?మనిషి – పుట్టిన ఊరు – ?ఊరు’, ‘?ఊరు – జిల్లా – గంజాం’ అని అడిగితే రెండు వాక్యాలకూ సరిపోయినవాటినన్నిటినీ యంత్రం వెతికి తెస్తుంది. సరిపోయిన ప్రతి జత ఒక వరస, ప్రతి ప్రశ్నార్థకం ఒక నిలువు గడి. ఒకే అల్లిక నుంచి ఈ రోజు ఊళ్ళవారీగా, రేపు గోత్రాలవారీగా, ఎన్ని పట్టికలైనా తీసుకోవచ్చు. పట్టిక నుంచి తిరిగి అల్లికను తీయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంకో లాభం మన ఊరి పేరు సంగతి. మనం బరంపురం అంటాం, ఒడియావారు బ్రహ్మపుర అంటారు, రైలు టికెట్టు మీద మరొకటి. పైగా బెంగాల్‌లో ముర్షిదాబాద్ వైపు ఇంకో బరంపురం ఉంది. ఉత్త అక్షరాలతో నింపిన గడిలో ఇవన్నీ కలగాపులగం. గ్రాఫ్‌లో ఊరికి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, పేర్లు ఎన్నైనా దానికి తగిలించుకోవచ్చు.

ఇక అసలు సంగతి. ప్రశ్న ఎలా అడిగామన్నదాన్ని బట్టి మనుషులు పట్టికలోంచి మాయమవుతారు. ‘గంజాం జిల్లా తెలుగు ప్రముఖులు’ అని అడిగారనుకోండి. గిడుగు రామమూర్తి గారు రారు. వారు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, అది ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా. పాఠాలు చెప్పింది, సవర భాష మీద పనిచేసింది పర్లాకిమిడిలో, అది 1992 అక్టోబరు 2 నుంచి గజపతి జిల్లా. వారి కాలంలో రెండూ గంజామే! 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి పోయిందన్న బాధతో రాజమండ్రి వెళ్ళిపోయిన మనిషి, ఈనాటి ప్రశ్నకు ఏ గంజాంలోనూ దొరకరు. ఆగస్టు 29న వారి ఫొటోకు దండ వేసే మన జాబితాలోనే వారు ఉండరు. ‘జిల్లా’ అన్న బంధానికి ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని తేదీలు తగిలిస్తేనే, ఆ తేదీలను చూసేలా ప్రశ్న వేస్తేనే వారు పట్టికలోకి వస్తారు.

రెండో రకం మాయం ఇంకా మౌనంగా జరుగుతుంది. ‘మనిషి, ఊరు, మాతృభాష’ అని మూడూ అడిగితే, మాతృభాష ఎవరూ రాయని మనిషి వరస ఖాళీ గడితో రాదు, వరసే రాదు. తప్పు జరిగిందన్న హెచ్చరిక కూడా ఉండదు. స్పార్కిల్‌లో దీనికి విరుగుడు ‘ఆప్షనల్’ అన్న మాట. ఉంటే చూపించు, లేకపోయినా మనిషిని ఉంచు అని దాని అర్థం. మన డైరెక్టరీలో ప్రతి ప్రశ్నకూ ఇది తప్పనిసరి చేయాలని మా పట్టు. గోత్రం తెలియనివారు, సొంతూరు మరిచిపోయినవారు మనలో తక్కువేం కాదు. ఖాళీ గడి కనిపిస్తే ఎవరో ఒకరు అడిగి నింపుతారు. లేని వరసను ఎవరు అడుగుతారు?

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మనిషికి భాషలు రెండు రాస్తే పట్టికలో రెండు వరసలు వస్తాయి. వరసలు లెక్కపెట్టి ‘ఇంతమందిమి’ అని వినతిపత్రంలో రాస్తే నవ్వులపాలవుతాం. ‘డిస్టింక్ట్’ పెట్టి మనుషుల్ని లెక్కపెట్టాలి, వరసల్ని కాదు.

లెక్కల సంగతి మనకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడక ముందు, గంజాంలో ఎక్కడ ఎవరు ఎక్కువ అన్న వాదన చాలావరకు జనగణన పట్టికల మీదే నడిచింది. ఆ పట్టికలో మనిషికి మాతృభాష ఒక్కటే. ఇప్పటికీ అంతే, తెలిసిన ఇతర భాషలు మరో రెండు అడుగుతారు. రెండు భాషల్లో బతికే ఇంటిని ఒక్క గడిలో పెట్టమంటే ఏదో ఒకటి బయటే ఉండిపోతుంది.

కొన్ని వందల ఇళ్ళకు ఇంత హంగామా ఎందుకని మిత్రులు అడిగారు. సబబే. మనకు సర్వర్లు అక్కర్లేదు. మూడు గడుల షీటు చాలు: ఎవరు, ఏ బంధం, ఎవరితో లేదా దేనితో. నాలుగో గడిలో ఎప్పటి నుంచి. ప్రశ్నలు రాయడం డిగ్రీ చదివే మన పిల్లలు ఒక సెలవులో నేర్చుకుంటారు. ప్రజాజీవితంలో ఉన్నవారి వివరాలు ఆధారాలతో వికీడేటాలో తెలుగు పేర్లతో చేర్చవచ్చు. సభ్యుల ఫోన్లు, గోత్రాలు మాత్రం సంఘం గడప దాటకూడదు. ఆ విషయంలో ఎవరు బతిమాలినా వినవద్దు.

ఇప్పుడు గ్రూపులో తిరుగుతున్న ఫారంలో ‘భాష’ ఎదురుగా ఒక్క గీతే ఉంది. అచ్చుకు ఇచ్చేలోగా అక్కడ మూడు గీతలు వేయించండి. ‘ఇంటి యజమాని’ అన్నచోట ‘ఈ ఇంట్లో పుట్టినవారందరూ’ అని మార్పించండి. కార్యదర్శి గారు ఒప్పుకుంటే ఆ పని మేమే చేసి పెడతాం.