పింఛను పన్ను పైసలు చేతికొచ్చినప్పుడే వెయ్యాలి

వై2కె రోజుల్లో నల్లగొండ చుట్టుపక్కల నుంచి అమెరికా విమానమెక్కిన కుర్రాళ్లకు ఇప్పుడు యాభై దాటింది. కొందరికి అరవై దగ్గరపడింది. ఇక ఉదయ సముద్రం చెరువు గాలి పీలుస్తూ పానగల్‌లో ఉందామనుకునేవాళ్లకు ఇల్లు కట్టుకోవడం తేలికే. ఇన్నేళ్లు దాచుకున్న రిటైర్మెంటు సొమ్ము మీద ఏ దేశానికి, ఎప్పుడు పన్ను కట్టాలో తేల్చుకోవడమే తలనొప్పి.

అమెరికా సర్కారు ఇచ్చే సోషల్ సెక్యూరిటీతో ఈ పేచీ లేదు. 1989లో రెండు దేశాలు సంతకాలు చేసిన పన్ను ఒప్పందం 20వ అధికరణం ప్రకారం దాని మీద పన్ను వేసే హక్కు అమెరికాదే. అక్కడి పౌరసత్వం తీసుకోకుండా తిరిగొచ్చినవాళ్ల పింఛనులో 85 శాతం మీద 30 శాతం, అంటే మొత్తంలో 25.5 శాతం, అక్కడే పట్టుకుని మిగిలింది పంపుతారు. కోత పెద్దదే. కాకపోతే ఒక్కచోటే, ఒక్కసారే.

చిక్కంతా 401(కె), ఐఆర్‌ఏ లాంటి రిటైర్మెంటు పొదుపు ఖాతాలది. మామూలుగా వీటి మీద అమెరికా పన్ను సొమ్ము తీసుకున్నప్పుడే పడుతుంది. మన చట్టం అప్పటిదాకా ఆగదు. తిరిగొచ్చినవాళ్లకు సాధారణంగా మొదటి రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద పన్ను ఉండదు. ఆ గడువు తీరగానే ఖాతాలో ఏటా జమయ్యే వడ్డీ, డివిడెండు ఇక్కడి ఆదాయంలో కలుస్తాయి. చేతికి రూపాయి రాకపోయినా పన్ను కట్టాలి. పదేళ్లకు సొమ్ము తీసినప్పుడు అమెరికా పన్ను వేస్తే, ఎప్పుడో ఇక్కడ కట్టినదానికి అక్కడ లెక్క కుదరదు. బత్తాయి తోట ఏపుగా పెరుగుతోందని ఏటా శిస్తు పట్టి, కాయ మార్కెట్‌కు పోయాక ఇంకొకరు మళ్లీ చెయ్యి చాపినట్టుంది ఈ వ్యవహారం.

కేంద్రం ఈ బాధను గుర్తించకపోలేదు. 2021 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టంలో 89ఎ సెక్షన్ చేర్చింది. సొమ్ము తీసిన ఏడాదే పన్ను కడతామని కోరుకునే వీలు దాంతో వచ్చింది. 2025లో చేసిన కొత్త చట్టంలోనూ ఆ వెసులుబాటు ఉంది. కానీ 2022 ఏప్రిల్‌లో నోటిఫై చేసినవి మూడే దేశాలు: అమెరికా, బ్రిటన్, కెనడా. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో పనిచేసి సూపర్‌యాన్యుయేషన్ ఖాతాతో తిరిగొచ్చినవాళ్లకు ఆ జాబితాలో చోటు లేదు.

చోటున్నవాళ్లకైనా నిశ్చింత ఉందా అంటే అదీ లేదు. అప్పుడు పెట్టిన నియమాల ప్రకారం రిటర్ను గడువులోగా 10-ఈఈ ఫారం వెయ్యాలి, ఒకసారి వేశాక వెనక్కి తీసుకోకూడదు. అసలు మెలిక వేరే ఉంది. ఫారం వేసిన ఓ పెద్దమనిషి మనవడిని చూసుకోవడానికి డాలస్ వెళ్లి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ అరవై రోజులు కూడా లేకపోతే పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయిపోతాడు. అప్పుడు ఆ ఫారం వెయ్యనే లేదని భావించి, ఆపిన ఏళ్ల పన్నంతా కట్టమంటారు. కూతురి పురుటికి వెళ్లిన తల్లిదండ్రులకు ఇదేం శిక్ష?

అందుకే కేంద్ర ఆర్థిక శాఖను అడగాల్సింది స్పష్టంగా అడగాలి. మనతో పన్ను ఒప్పందమున్న ప్రతి దేశంలోని రిటైర్మెంటు ఖాతాకూ ఈ వెసులుబాటు ఇవ్వాలి. ఎవరూ ఫారం వెయ్యకుండానే అది వర్తించాలి, వద్దనుకున్నవాళ్లే వద్దని రాసివ్వాలి. నాన్ రెసిడెంట్ అయితే పాత పన్నంతా తిరగదోడే నియమాన్ని ఎత్తెయ్యాలి. ఖజానాకు దీనివల్ల పెద్దగా పోయేదీ లేదు, రావాల్సింది కొన్నేళ్లు ఆలస్యంగా వస్తుందంతే.

బడ్జెట్ ఫిబ్రవరి 1న పెడతారు. దానికి ముందే ఆర్థిక శాఖ ప్రజల సూచనలు తీసుకుంటుంది. పానగల్, నల్లగొండ, పాలమూరు కుటుంబాలు తమ పిల్లలు ఏ దేశంలో, ఎలాంటి ఖాతాలో దాచుకుంటున్నారో రాసి, ఈ మూడు కోరికలతో దసరా నాటికల్లా తమ ఎంపీకి ఒక ఉత్తరం, ఆర్థిక శాఖకు ఒక ప్రతి పంపాలి.